ఆముదం రోజు

ఆ ఇంట్లో ఆముదం తాగిన మనిషిని ఎవరూ పనికి పిలవరు. అది చంద్రకాంతమ్మ అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఎండలు ముదిరే ముందు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, చలి తగ్గాక ఒకసారి ఇంట్లో అందరూ వరసగా ఆముదం తాగి కడుపు శుద్ధి చేసుకోవాలి. మగవాళ్ళకు అది ఒక పూట విసుగు, అంతే. ఆడవాళ్ళకు అలా కాదు. ఆముదం తాగిన మనిషి పదేపదే పెరడు దాటి కందిచేలోకి పోయి రావాలి కాబట్టి పొయ్యి ముట్టకూడదు, విత్తనాల గాదె దగ్గరికి పోకూడదు, దేవుడి గూడు ఉన్న గదిలో అడుగుపెట్టకూడదు. వెనక వసారాలో చాప వేసుకుని పడుకోవాలి. పిల్లలు దగ్గరికి పోబోతే "అమ్మ ఆముదం తాగింది, ఇట్ట రాండి" అని పెద్దవాళ్ళే పిలుచుకుంటారు. పగటిపూట ఆడది చెంబు పట్టుకుని బయటికి పోయినా ఎవరూ తప్పుపట్టని రోజు అదొక్కటే. మధ్యాహ్నానికి మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు పొగలు కక్కుతూ చాప దగ్గరికే వస్తాయి.

చంద్రకాంతమ్మ కోడలు భారతమ్మ ఆ ఇంటికి వచ్చిన తర్వాత వేడి అన్నాన్ని వేడిగా తిన్నది అలాంటి రోజుల్లోనే.

చలికాలం రాగానే వాళ్ళ చెరుకుతోటలో గానుగ మొదలయ్యేది. మామగారు పోయాక పొలానికి పెద్దదిక్కు భారతమ్మ భర్త మునిరత్నమే. పూతలపట్టు నుంచి బండిదారిన లోపలికి పోతే వచ్చే ఆ పల్లెలో చెరుకు వేసే ఇళ్ళు కొన్నే. గానుగ ఒకసారి తిరగడం మొదలుపెడితే చెరుకు అయ్యేదాకా ఆగదు. ఎద్దులు తోలేవాడికి, చెరుకు అందించేవాడికి, పొయ్యిలో పిప్పి ఎగదోసేవాడికి, పెనం దగ్గర నిలబడి పాకం చూసేవాడికి, చెరుకు నరికి మోసేవాళ్ళకు, అందరికీ మూడు పూటలా కూడు ఆ ఇంటి నుంచే పోవాలి. పెనం మీద పాకం ఉడుకుతుండగా మనిషి అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. ఆకలిగా ఉన్నవాడు పాకం చూస్తే బెల్లం నల్లబడుతుందని చంద్రకాంతమ్మ నమ్మకం. కూటి గంప వేళకు చేరడమే ఆ ఇంటి పరువు.

అంతకు ముందు వంటకు ఇద్దరు ఆడకూలీలు సాయం వచ్చేవాళ్ళు. యుద్ధం వచ్చాక రోడ్డుపనిలో కూలి ఎక్కువ ఇస్తున్నారని వాళ్ళు అటు పోయారు. ఆ పనంతా భారతమ్మ మీద పడింది. తెల్లవారకముందే పేడ ఎత్తి, పాలు పితికి, రాగిపిండి జల్లించి, తన నడుమంత ఎత్తున్న కుండలో సంగటి కెలికి, ముద్దలు చేసి గంపకు ఎత్తి, పులుసు తపేలా చంకన పెట్టుకుని, తోటకు పోయి వడ్డించి, గిన్నెలు తోమి తెచ్చేసరికి మళ్ళీ మధ్యాహ్నం ఎసరు పెట్టాలి. నడుమ ముగ్గురు పిల్లలు. చివరిదానికి ఇంకా ఏడాది నిండలేదు, తల్లిపాలు తప్ప మరొకటి నోట పెట్టేది కాదు.

మగవాళ్ళు తిన్నాక, పిల్లలు తిన్నాక, అత్త తిన్నాక భారతమ్మ తినేది. అప్పటికి పొద్దు వాలేది. చల్లారి గట్టిపడిన ముద్దను పులుసు అడుగుతో మింగేది. నీళ్ళు ఎక్కువ తాగేది కాదు. తాగితే బయటికి పోవాలి, బయటికి పోవాలంటే చీకటి పడాలి. పొద్దున్నే అయితే ఇంకా వెలుగు రాకముందే పోవాలి, ఆ వేళకు ఎద్దులకు కుడితి పెట్టే పని ఉండేది. రెండురోజులకోసారి, మూడురోజులకోసారి కడుపు కదిలేది. ముద్ద రొమ్ముకింద రాయిలా నిలబడిపోయేది. తేన్పులు, నోరు చేదు, సాయంత్రానికి కడుపు చీరకుచ్చెళ్ళు బిగుసుకునేలా ఉబ్బేది. రాత్రి పడుకుంటే నిద్ర వచ్చేది కానీ అలసట పోయేది కాదు. తెల్లారి లేచినప్పుడు నిన్న పనిచేసిన ఒళ్ళే అలాగే మళ్ళీ లేచినట్టుండేది.

మూడో కాన్పు అయ్యాక, ఇంటి వరస రాకముందే మొదటిసారి ఆముదం గిన్నె చేతికిచ్చింది చంద్రకాంతమ్మే. "కడుపు ఉబ్బరంగా ఉండాదంటివే. తాగు. ఈపొద్దు చేనికి గంప నేను చూసుకుంటా" అంది.

ఆ రోజు భారతమ్మ కందిచేలోకి నాలుగైదుసార్లు పోయి వచ్చి, చాప మీద పడి నిద్రపోయింది. ఎవరో భుజం తట్టితే లేచింది. చిన్నత్త నాగులమ్మ అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నాగులమ్మ చంద్రకాంతమ్మకు తోటికోడలు. పెళ్ళైన కొత్తలోనే భర్త పోయాడు, బిడ్డలు లేరు. అప్పటినుంచీ ఆ ఇంట్లోనే పిండి విసురుతూ, వడ్డిస్తూ ఉండిపోయింది. అన్నం తిని, వేణ్ణీళ్ళు తాగి, భారతమ్మ మళ్ళీ పడుకుంది. వసారా పక్కన ఎండ మెల్లగా జరుగుతూ పోవడం చూసింది. తను ఎండను పగలంతా అలా ఒకచోట పడుకుని చూసి ఎంతకాలమైందో గుర్తు రాలేదు. మర్నాడు ఒళ్ళు తేలిగ్గా ఉంది. గంప తలకెత్తుకుంటే బరువు తెలియలేదు.

అది ఆముదం మహిమ అనే ఆమె కూడా అనుకుంది. ఆ రోజు ఆముదంతో పాటు నిద్ర ఉందనీ, వేళకు వేడి అన్నం, కడుపునిండా నీళ్ళు ఉన్నాయనీ అప్పుడు విడదీసి చూడలేదు.

గానుగ మొదలయ్యాక ఈసారి తనే అడిగింది. "అత్తా, కడుపు బరువుగా ఉండాది. ఈపొద్దు కొంచెం తాగేదా?" చంద్రకాంతమ్మ కాదనలేదు. కోడలు అడిగింది చీరా కాదు, నగా కాదు. ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఆముదం అడిగితే ఏ అత్త వద్దంటుంది? కొన్నాళ్ళకు మళ్ళీ అడిగింది. నెల తిరక్కముందే ఇంకోసారి. అడిగిన ప్రతిసారీ భారతమ్మకు కడుపు నిజంగానే బరువుగా ఉండేది, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కానీ గిన్నె ఎత్తేటప్పుడు ఆమె మనసులో ఉండేది కడుపు కాదు, చాప.

పోనుపోను ఆముదం తాగందే కడుపు కదలడమే మానేసింది. తాగిన రోజు పేగులు మెలిపెట్టేవి. ఆ నొప్పిలోనే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని నిద్రపోయేది. మర్నాడు తేలిక రావడం మానేసి నీరసం రావడం మొదలైంది. తర్వాత ఆ నీరసం ఇంకో రోజుకూ పాకింది. సంగటి కెలికే కట్టె మధ్యలో ఆగిపోయేది. ముందు రోజు ఆముదం తాగితే మర్నాడు చంటిదానికీ నీళ్ళలాగా పోయేది. పాలు తగ్గాయి. రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి, వదిలి, ఏడ్చేది. చంద్రకాంతమ్మ బిడ్డకు దిష్టి తీసింది, కోడలికి గిన్నెలో ఆముదం కొంచెం ఎక్కువ పోసింది.

"ఎంత తాగినా నీ కడుపు శుద్ధి కావడంలా. ఏం మురికి చేరిందో" అంది దిగులుగా.

చెరుకు సగం ఆడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం భారతమ్మ గానుగ దగ్గర పడిపోయింది. గంప దించబోతూ ఉండగా కళ్ళు చీకట్లు కమ్మాయి. ముద్దలు పిప్పిలో, బూడిదలో దొర్లాయి. పెనం దగ్గరున్న ఏకాంబరం, పాకం వదిలి రాలేక, అక్కడినుంచే అరిచాడు. "అమ్మను పట్టుకోండ్రా! ముద్దలు పోతే పోనీ, అమ్మను పట్టుకోండి!" ఎద్దులు తోలేవాడు నీళ్ళు చల్లాడు. ఆమె కళ్ళు తెరిచి మొదట చూసింది నేలమీది ముద్దలనే. వాటిని ఏరబోయింది.

ఆ సాయంత్రం పక్కింటి గురవమ్మ వచ్చి చంద్రకాంతమ్మ పక్కన కూర్చుంది.

"ఒదినా, నేను చెప్తే ఏమనుకోవాకు. ఇది కడుపు మురికి కాదు. మందు."

మందు అంటే ఏమిటో ఆ పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గిట్టనివాళ్ళు కూటిలో కలిపి పెడతారు. అది కడుపులో అంటుకుని మనిషిని లోపలినుంచి తింటుంది. తిన్నది ఒంటబట్టదు, మనిషి ఎండిపోతుంది. ఆముదానికి, కషాయానికి అది లొంగదు.

"మా భారతికి ఎవురు పెడతారే? దానికి యాడ శత్రువులుండారు?" అంది చంద్రకాంతమ్మ.

"అది ఎవురి చేతి కూడు తింటాండాది? అందరూ తిన్నాక దాని గిన్నె తీసిపెట్టేది ఎవురు?"

చంద్రకాంతమ్మ తిరగలి వైపు చూసింది. గురవమ్మ గొంతు తగ్గించింది. "బిడ్డల్లేని మనిషి. ముగ్గురు బిడ్డల తల్లిని రోజూ చూస్తా ఉండాల. నేను పేరు చెప్పినానా? చెప్పలా. నువ్వే ఆలోచన చేసుకో."

నాగులమ్మ అప్పుడు తిరగలి ముందు కూర్చుని రాగులు విసురుతోంది. తిరగలి చప్పుడులో ఆ మాటలు వినబడకపోవచ్చు. కానీ మర్నాడు పొద్దున ఆమె గరిటె అందుకోబోతే చంద్రకాంతమ్మ చేయి అడ్డం పెట్టింది.

"కొన్నాళ్ళు నువ్వు కూడు ముట్టుకోవాకు నాగులా. కొట్టంలో పని చూసుకో."

ఎందుకని నాగులమ్మ అడగలేదు. గరిటె కిందపెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని పశువుల కొట్టంలోకి పోయింది. పోలేరమ్మ గుడి పక్కన ఉండే వెంకటముని మందు కక్కిస్తాడని పేరు. పరగడుపున ఏదో పసరు తాగించి, పొద్దెక్కేదాకా వాంతులు, విరేచనాలు చేయించి, చివర్లో పసుపుపచ్చగానో నల్లగానో ఒక ఉండ చూపిస్తాడు. ఆయన దగ్గరికి పోయి ఉండ బయటపడకుండా తిరిగివచ్చిన మనిషి లేదు. శుక్రవారం బండి కట్టుకుని పోవాలని నిర్ణయమైంది. మందు బయటపడితే నాగులమ్మను నాయుడుపేట దగ్గర ఆమె తమ్ముడి ఇంటికి పంపేయాలని కూడా చంద్రకాంతమ్మ కొడుకుతో అంది. మునిరత్నం తల గోక్కున్నాడు. "మందు అంతా ఒట్టిదేమో అమ్మా" అన్నాడు. "ఒట్టిదైతే నీ పెళ్ళాం ఎందుకు ఎండిపోతాండాది? చెప్పు" అంది తల్లి.

దానికి జవాబు భారతమ్మ దగ్గర ఉంది.

అది ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. చెబితే ఏమవుతుందో ఆమెకు స్పష్టంగా తెలుసు. పనికి జడిసి ఆముదం తాగిన ఆడది అంటారు. ఆమె వచ్చింది పెద్ద ఇంటి నుంచి కాదు, తెచ్చింది ఎక్కువేమీ లేదు. ఈ ఇంట్లో ఆమెకు మర్యాద ఉందంటే అది గంప మోసే తలవల్లనే. "మా కోడలు రెండెద్దుల పెట్టు" అని అత్త పదిమందిలో అనేది. ఆ మాట విన్నప్పుడల్లా భారతమ్మ ఇంకో పని ఎత్తుకునేది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మాట పోతుంది. తెరవకపోతే శుక్రవారం ఉండ బయటపడుతుంది, నాగులమ్మ మూటకట్టుకుని పోతుంది. వెంకటముని పసరుకు తన ఒంట్లో మిగిలిన సత్తువ ఏమాత్రం ఆగుతుందో, చంటిదానికి పాలచుక్క మిగులుతుందో లేదో కూడా ఆమెకు అనుమానమే.

గురువారం పొద్దున చంటిదాన్ని ఎత్తుకుని కొట్టంలోకి పోయింది. నాగులమ్మ దూడ మెడ నిమురుతూ కూర్చుని ఉంది.

"చిన్నత్తా, తిన్నావా?"

"గురవమ్మ కోడలు పెట్టిపోయింది. మన ఇంట్లో నేను ముట్టకూడదంట గదా. నా కూడు కూడా నేను ముట్టకూడదో ఏమో." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "భారతీ, నేను పెట్టినానని నువ్వు అనుకుంటాండావా?"

"లేదు చిన్నత్తా. నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద ఒట్టు పెట్టుకోవాకు." నాగులమ్మ దూడను వదిలి చంటిదాన్ని చేతుల్లోకి తీసుకుంది. కాసేపు దాని అరికాలు బొటనవేలితో రాసింది. "ఆముదం తాగిన పొద్దు నీకు అన్నం తెచ్చిచ్చేది నేనే గదా. మెలికలు తిరగతానే నిద్రపోతావు. లేపితే నా మొగం చూడవు, పొద్దు ఎంతైందో చూస్తావు. ఇంగా ఎంత మిగిలిందా అని."

భారతమ్మ నిలుచున్న చోటే కూలబడింది. "తెలిసీ ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఆముదం ఇయ్యరు. ఇయ్యకపోతే నీకు ఆ పొద్దు కూడా లేదు. అదొక్కటన్నా ఉండనీలే అనుకున్నా. అది నిన్ను తింటాండాదని నాకూ తెలీలా." చంటిదాన్ని తిరిగి ఇచ్చేసింది. ఇంట్లో నిజం చెప్పమని మాత్రం అడగలేదు. ఆమె అడిగి ఉంటే భారతమ్మకు కోపమన్నా వచ్చేది, కొంచెం సులువయ్యేది.

మందు కక్కించే ముందురోజు ఆముదం తాగి రావాలని వెంకటముని కబురు చేశాడు. పొద్దు నడినెత్తికి రాకముందే చంద్రకాంతమ్మ గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చింది. చాప కూడా తనే పరిచింది. పెరట్లో మునిరత్నం మర్నాటికి బండి చక్రానికి కందెన పూస్తున్నాడు.

"తాగి పండుకో" అంది చంద్రకాంతమ్మ.

భారతమ్మ గిన్నె అందుకుంది. ఒళ్ళో ఉన్న బిడ్డ కొంగు లాగుతోంది. ఆమె గిన్నె నేలమీద పెట్టింది.

"నాకొద్దు అత్తా."

"వద్దంటే ఎట్ట? రేపు మందు కదలాలంటే ఈపొద్దు కడుపులో దావ జారాల గదా."

"కదిలేదానికి నా కడుపులో మందు లేదు."

"అది నీకెట్ట తెలుస్తాది? పెట్టించుకున్నోళ్ళకే తెలిసిపోతే ఇంగ పెట్టేవాళ్ళు యాడ బతుకుతారు?"

"నన్ను ఇట్ట చేసింది ఆముదం."

చంద్రకాంతమ్మకు అర్థం కాలేదు. "ఆముదమా? నేను తాగలా? మా అత్త తాగలా? ఆముదం తాగి ఎవురన్నా చెడిపోయినారా?"

"మీరు కాలానికి ఒకసారి తాగినారు. నేను ఎన్నిసార్లు తాగినానో నాకే తెలీదు."

"నువ్వే గదా అడగతా వచ్చినావు, కడుపు బరువు అని."

"బరువే. అది అబద్ధం కాదు. అయితే బరువుకని తాగలా." భారతమ్మ బిడ్డ చేతిలోంచి కొంగు విడిపించుకుంది. "పండుకోవాలని తాగినాను."

బండి దగ్గర మునిరత్నం చేయి ఆగిపోయింది.

"పండుకోవాలంటే పండుకోవచ్చు గదే" అంది చంద్రకాంతమ్మ. "ఎవురు వద్దన్నారు?"

"ఎప్పుడు అత్తా?"

ఎదురు చెప్పడానికి అన్న మాట కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. చంద్రకాంతమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. పొద్దున అనబోయి ఆగింది. మధ్యాహ్నం అనబోయి ఆగింది. జవాబు దొరక్కపోయేసరికి ఆమెకు కోపం వచ్చింది.

"ఓహో! పనిదొంగవా నువ్వు! గానుగ పొద్దుల్లో పనిదొంగవా! నేను ఐదుగురిని కన్నాను. ఇద్దర్ని మట్టిలో పెట్టి, పెట్టిన మర్నాడే గంప ఎత్తుకోని పోయినా. నేను పండుకున్నానా? నీ కోసరం నేను దిష్టి తీస్తి, ముడుపులు కడితి. ఊరంతా నా కోడలు, నా కోడలు అని చెప్పుకుంటి. నువ్వు ఈడ ఆముదం తాగి నాటకం ఆడతావా!"

"నాటకం అయితే ఒళ్ళు ఇట్ట అయ్యుండదు అత్తా."

మునిరత్నం కందెన చేతులతోనే దగ్గరికి వచ్చాడు. "నాకన్నా ఒక మాట చెప్పలేకపోతివా?"

"చెప్తే ఏం చేస్తారు? గానుగ ఆపుతారా? కాళ్ళు లాగతాండాయంటే అందరికీ లాగతాండాయి అంటారు. ఆముదం తాగినానంటే ఎవురూ ఏమీ అడగరు." ఆమె ఏడవలేదు. ఏడ్వడానికి కూడా ఒంట్లో నీళ్ళు ఉండాలి. "నన్ను ఏమన్నా అనండి. చిన్నత్తను పంపొద్దు. ఆమె నాకు పెట్టింది అన్నం ఒకటే."

తల్లీ భార్యా ఇద్దరి మొహాలూ చూసి మునిరత్నమే చివరికి అడిగాడు. "అమ్మా, రేపు బండి కట్టేదా, వద్దా?"

"కట్టి ఎవుర్ని తీసకపోతావు? నన్నా?" అంది చంద్రకాంతమ్మ. వంగి గిన్నె తీసుకుంది. ఆముదాన్ని పారబోయకుండా సీసాలోకి వంచింది. మూత బిగించి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. తర్వాత కొట్టం వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"నాగులా! గానుగోళ్ళకి వేళ దాటిపోతాండాది. వచ్చి ఎసరు పెట్టు."

అంతకుమించి ఆమె నాగులమ్మతో ఏమీ అనలేదు. నాగులమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుని పొయ్యి ముందు కూర్చుంది.

మాట ఎలా పోయిందో కానీ రెండురోజుల్లో పల్లెంతా తెలిసింది. నీళ్ళకు పోతే గురవమ్మ పదిమందిలో అంది. "ఏమ్మే భారతీ, ఈపొద్దు ఆముదమా, పనా?" ఆడవాళ్ళు నవ్వారు. అందరూ నవ్వలేదు. బిందె నింపుకుంటున్న ఒకరిద్దరు తల ఎత్తకుండా ఉండిపోయారు. భారతమ్మ ఆ ఇద్దర్నీ చూసింది.

ఒళ్ళు అంత త్వరగా తిరగలేదు. ఆముదం ఆపాక కడుపు మొండికేసింది, ఉబ్బరం ముందుకంటే పెరిగినట్టయింది. మళ్ళీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తాగితే బాగుండునని అనిపించేది. నాగులమ్మ కొత్తగా ఏ మందూ చెప్పలేదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ముంతతో తెచ్చి పక్కన పెట్టి పోయేది. సంగటి కుండ దించగానే మొదటి ముద్ద తీసి భారతమ్మ గిన్నెలో వేసి, ఆకుకూర పులుసు పోసింది ఒకరోజు.

చంద్రకాంతమ్మ చూసింది. ఆ గొడవ తర్వాత కోడలితో ఆమె నేరుగా మాట్లాడటం లేదు. పొయ్యితో మాట్లాడినట్టు అంది. "గానుగోళ్ళు ఇంగా తినలా."

భారతమ్మ చేయి గిన్నెలోనే ఆగింది. తర్వాత ముద్ద తుంచి పులుసులో అద్దుకుంది. "తినేసి మోసుకోని పోతా అత్తా. తినకుండా మోస్తే మళ్ళీ బూడిదలో పోస్తా."

చంద్రకాంతమ్మ కోడలు తినడం అయ్యేదాకా అక్కడే నిలబడి, గంపకు గుడ్డ కట్టింది. ఆ రోజునుంచి మొదటి ముద్ద అలాగే జరిగిపోయింది. ఒప్పుకున్నామని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా అనలేదు.

చంటిదానికి నీళ్ళ విరేచనాలు ఆగాయి. పాలు ఊరడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒక ఉదయం మునిరత్నం తాటాకు తడికలు తెచ్చి పెరటి మూలన నాటడం మొదలుపెట్టాడు. లోపల గుంట తవ్వి, రెండు బండలు వేశాడు. ఎందుకని భారతమ్మ అడిగితే అతను తల్లివైపు చూశాడు.

"నా మోకాళ్ళకి చేలోకి నడిచేది కావడంలా" అంది చంద్రకాంతమ్మ, గోడను చూస్తూ. నిన్న సాయంత్రమే ఆమె పక్క ఊరిదాకా నడిచిపోయి వచ్చింది.

భారతమ్మ పగటిపూట నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మొదట్లో గుక్క గుక్కకు భయపడేది, తర్వాత చెంబెత్తి తాగింది. కడుపు తనంతట తాను కదిలిన రోజు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు. కానీ ఆ రోజంతా మొహం మీద ఒక తేట ఉంది. నాగులమ్మ చూసి, చూడనట్టు పిండి జల్లించుకుంది.

అత్త మాత్రం "రెండెద్దుల పెట్టు" అనే మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఎవరన్నా భారతమ్మను పొగిడితే మాట మార్చేసేది. అది పోయింది, ఇక రాదు. భారతమ్మ ఆ లోటును ఒక పన్ను ఊడినచోట నాలుక తగిలినట్టు అప్పుడప్పుడూ తడుముకునేది.

చెరుకు చివరి మడి నరుకుతున్న రోజున గంప తలకెత్తుకుని తోటకు బయలుదేరింది. ఎండ గట్టిగా ఉంది. సగం దూరం పోయేసరికి కాళ్ళలో పాత నీరసం మొదలైంది. ముందుకు పోతే పడిపోనని తెలుసు, ఎలాగో చేరుకోగలదు. అయినా ఆగింది. గంపను చేత్తో పట్టుకుని మెల్లగా వంగి గట్టుమీద దించి, పక్కన కూర్చుంది. చుట్టూ అంతా బయలే. చెరుకు నరుకుతున్నవాళ్ళు, అవతలి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు, బండి తోలుకుపోతున్న మనిషి, అందరికీ కనబడుతుంది.

కలుపు తీస్తున్నవాళ్ళలోంచి ఒకామె నడుం నిటారు చేసి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమ్మా! ఒంట్లో బాలేదా? ఎవురినన్నా పిలిచేదా?"

"బాగానే ఉండాది" అంది భారతమ్మ. "ఊరికే కూర్చున్నా."

ఆమె కాసేపు అలాగే చూసి, తిరిగి వంగకుండా, తనూ గట్టుమీదికి వచ్చి కొడవలి పక్కన పెట్టి కూర్చుంది.